కంపైలర్ నోరు నొక్కితే తప్పు పోదు

ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో విద్యార్థి కంప్యూటర్ తెర మీద ఎర్రగీత కనబడితే ఆ తర్వాత జరిగేది దాదాపు ఎక్కడైనా ఒకటే. ల్యాబ్ సమయం అయిపోతుంటుంది, రికార్డులో అవుట్‌పుట్ రాయాల్సి ఉంటుంది, కాబట్టి ఆ గీత ఎలాగైనా పోవాలి. పక్క విద్యార్థి చెప్పిన చిట్కానో, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక వరుసో, ఏఐ సాధనం ఇచ్చిన సవరణో పెడితే గీత పోతుంది. ప్రోగ్రామ్ నడుస్తుంది. కంపైలర్ ఎందుకు అభ్యంతరం చెప్పిందన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు. అసలు ఆ ప్రశ్న ఎవరూ అడగరు కూడా.

ఈ అలవాటు వల్ల ఎక్కువ నష్టం జరిగేది జెనెరిక్ మెథడ్‌ల దగ్గర. అక్కడ వచ్చే టైప్ ఎర్రర్లు చదవడానికి కష్టంగా ఉంటాయి, నోరు మూయించడానికి మాత్రం చాలా తేలిక. మన దేశంలో ఏటా పెద్ద సంఖ్యలో విద్యార్థులు జావా, సీ షార్ప్, టైప్‌స్క్రిప్ట్ వంటి భాషలు నేర్చుకుని బ్యాంకులు, ఆసుపత్రులు, రైల్వే టికెట్లు, ప్రభుత్వ సేవలు నడిపే సాఫ్ట్‌వేర్ పనుల్లోకి వెళుతున్నారు. ల్యాబ్‌లో పడిన అలవాటు వారితో పాటే ఉద్యోగానికీ వెళుతుంది. అందుకే ఈ ఎర్రర్లను ఎలా పోగొట్టాలో నేర్పే ముందు, అవి ఏం చెబుతున్నాయో చదవడం నేర్పాలి.

టైప్ అంటే ఏమిటి, జెనెరిక్ అంటే ఏమిటి

ప్రోగ్రామ్‌లోని ప్రతి విలువకూ ఒక రకం ఉంటుంది. ఒకటి పూర్ణసంఖ్య, మరొకటి దశాంశ సంఖ్య, ఇంకొకటి అక్షరాల వరుస. దీన్నే టైప్ అంటారు. ఏ టైప్‌తో ఏ పని చేయవచ్చో ప్రోగ్రామ్ నడవక ముందే తనిఖీ చేసే బాధ్యత కంపైలర్‌ది. ఈ దశలో దొరికిన తప్పే కంపైల్ టైమ్ టైప్ ఎర్రర్. అది వచ్చిన సమయానికి ఇంకా ఏ ఖాతాలోనూ డబ్బు మారలేదు, ఏ రోగి వివరాలూ తారుమారు కాలేదు. అంటే అతి తక్కువ ఖర్చుతో దొరికిన తప్పు అది.

ఒకే పనిని అనేక టైప్‌ల మీద చేయాల్సి వచ్చినప్పుడు ప్రతి టైప్‌కీ విడిగా మెథడ్ రాయడం వృథా శ్రమ. జాబితాలో అతి పెద్ద విలువను వెతికే పద్ధతి సంఖ్యలకైనా, తేదీలకైనా, పేర్లకైనా ఒకటే. అందుకని టైప్ ఉండాల్సిన చోట 'టి' వంటి ఒక అక్షరం పెట్టి, పిలిచినప్పుడు ఆ అక్షరం స్థానంలో అసలు టైప్ వచ్చేలా రాస్తారు. అదే జెనెరిక్ మెథడ్. పిలిచిన ప్రతిసారీ ఆ 'టి' ఏమిటో కంపైలర్ చుట్టూ ఉన్న ఆధారాలను బట్టి లెక్కగట్టుకుంటుంది. ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఎర్రర్ ఇస్తుంది.

ఈ ఆలోచనకు గట్టి గణిత పునాది వేసినవారిలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబిన్ మిల్నర్ ముఖ్యుడు. ఆయన 1978లో ప్రచురించిన పరిశోధన పత్రం, ప్రోగ్రామర్ టైప్‌లను ప్రతిచోటా రాయకపోయినా యంత్రమే వాటిని లెక్కగట్టగలదని చూపించింది. 1991లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఈ ఆలోచన విస్తృతంగా వాడే భాషల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. జావాలోకి 2004లో, సీ షార్ప్‌లోకి 2005లో, గో భాషలోకి 2022లో జెనెరిక్స్ వచ్చాయి.

పప్పు డబ్బాల లెక్క

జావా నేర్చుకునేవారిని మొదట తికమక పెట్టే ఎర్రర్ ఒకటుంది. ఇంటిజర్ అనేది నంబర్‌లో ఒక రకం. కానీ నంబర్‌ల లిస్ట్ అడిగిన మెథడ్‌కి ఇంటిజర్‌ల లిస్ట్ ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. పూర్ణసంఖ్య సంఖ్యే అయినప్పుడు పూర్ణసంఖ్యల జాబితా సంఖ్యల జాబితా ఎందుకు కాదు? కంపైలర్‌కి ఈ మాత్రం తెలియదా అనిపిస్తుంది.

దీనికి జవాబు వంటింట్లో దొరుకుతుంది. కందిపప్పు కూడా పప్పే. కానీ 'కందిపప్పు' అని చీటీ అతికించిన డబ్బా, 'ఏ పప్పయినా పోయవచ్చు' అని చీటీ ఉన్న డబ్బా ఒకటి కావు. మొదటి డబ్బాను రెండో రకం డబ్బాగా నమ్మించి ఎవరి చేతికైనా ఇస్తే, వాళ్లు అందులో శనగపప్పు పోస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఏ పప్పయినా పోయవచ్చనే కదా చెప్పింది. మర్నాడు పప్పుచారు పెట్టబోయిన వాళ్లకి డబ్బాలో కందిపప్పుతో కలిసిన శనగపప్పు కనబడుతుంది. కలిపింది ఒకరు, చిక్కుల్లో పడింది మరొకరు.

ఈ ఉదాహరణలోనే పరిష్కారమూ ఉంది. డబ్బాలోంచి పప్పు తీసుకునే పని మాత్రమే ఉన్నవారికి కందిపప్పు డబ్బా ఇచ్చినా, పెసరపప్పు డబ్బా ఇచ్చినా ఇబ్బంది లేదు. తీసింది ఏదైనా పప్పే. జావాలో దీన్ని 'ఎక్స్‌టెండ్స్' అనే మాటతో చెబుతారు. చేతిలో ఉన్న కందిపప్పును పోసే పని మాత్రమే ఉన్నవారికి కందిపప్పు డబ్బా అయినా సరే, ఏ పప్పయినా పోసే డబ్బా అయినా సరే. దీన్ని 'సూపర్' అనే మాటతో చెబుతారు. తీయడమూ పోయడమూ రెండూ ఉంటే మాత్రం చీటీ సరిగ్గా కలవాలి. జావా పుస్తకాల్లో బట్టీ పట్టించే వైల్డ్‌కార్డ్ నియమాల సారం ఇంతే.

ఎర్రర్ ఒకచోట, మందు మరోచోట

ఒక లిస్ట్‌లోని విలువలను మరో లిస్ట్‌లోకి నకలు చేసే జెనెరిక్ మెథడ్‌ను ఒక విద్యార్థి రాశాడనుకుందాం. రెండు లిస్ట్‌లకూ 'టి' అనే ఒకే టైప్ పెట్టాడు. ఇంటిజర్‌ల లిస్ట్ నుంచి నంబర్‌ల లిస్ట్‌లోకి నకలు చేయమని పిలిచాడు. 'టి'కి పొసగని సమానతా షరతులు వచ్చాయని, ఒకటి నంబర్ అని, మరొకటి ఇంటిజర్ అని కంపైలర్ చెబుతుంది. సందేశం బెదిరించేలా ఉన్నా విషయం సూటిగా ఉంది. మొదటి లిస్ట్‌ను బట్టి 'టి' ఇంటిజర్ కావాలి, రెండో లిస్ట్‌ను బట్టి నంబర్ కావాలి. ఒకే అక్షరం ఒకేసారి రెండూ కాలేదు.

ఎర్రగీత పడింది మెథడ్‌ని పిలిచిన వరుస మీద. అందుకని చాలామంది ఆ వరుసనే సవరించబోతారు. కానీ లోపం మెథడ్ సిగ్నేచర్‌లో ఉంది. మొదటి లిస్ట్ నుంచి తీయడమే తప్ప పోయడం లేదు, రెండో దానిలో పోయడమే తప్ప తీయడం లేదు. ఆ సంగతి సిగ్నేచర్‌లో రాస్తే, అంటే మొదటిదానికి 'ఎక్స్‌టెండ్స్', రెండోదానికి 'సూపర్' పెడితే, పిలిచిన వరుసను ముట్టుకోకుండానే ఎర్రర్ పోతుంది. జావాతో పాటే వచ్చే కలెక్షన్స్ లైబ్రరీలోని కాపీ మెథడ్‌ను సరిగ్గా ఇలాగే రాశారు.

మరో ఉదాహరణ తేదీలది. జావాలో డేటాబేస్ పనుల కోసం ఉన్న డేట్ క్లాస్, సాధారణ డేట్ క్లాస్‌కి వారసురాలు. రెండు తేదీల్లో ఏది ముందో, ఏది వెనకో పోల్చే నియమం మాతృ క్లాస్‌లోనే ఉంది. 'టి అనేది తనతో తాను పోల్చుకోగలగాలి' అని మాత్రమే షరతు పెట్టి, ఆ 'టి'ల లిస్ట్ తీసుకుని గరిష్ఠ విలువను వెతికే మెథడ్ రాస్తే, డేటాబేస్ తేదీల లిస్ట్‌ను కంపైలర్ అంగీకరించదు. 'టి కానీ, దాని పూర్వీకులు కానీ ఇచ్చిన పోలిక నియమం ఉంటే చాలు' అని షరతును సడలిస్తే అంగీకరిస్తుంది. ఇక్కడ ప్రోగ్రామర్ అవసరానికి మించిన షరతు పెట్టాడు. ఆ సంగతి కంపైలర్ ద్వారా బయటపడింది.

రెండు ఉదాహరణల్లోనూ జరిగింది ఒకటే. మెథడ్‌కి నిజంగా ఏం కావాలో అది సిగ్నేచర్‌లో లేదు. ఎర్రర్‌ను చదివినవారికి ఆ లోటు కనబడుతుంది, మెథడ్ మరింత మెరుగవుతుంది. ఎర్రర్‌ను కప్పినవారికి ఆ లోటు అలాగే ఉండిపోతుంది.

కాస్ట్ అంటే వాగ్దానం

కప్పే మార్గాల్లో ఎక్కువగా వాడేది కాస్ట్. 'ఇది ఫలానా టైప్ అని నాది హామీ, నువ్వు అడ్డు రావద్దు' అని ప్రోగ్రామర్ కంపైలర్‌కి చెప్పడమే కాస్ట్. ఇంటిజర్ లిస్ట్‌ను నేరుగా నంబర్ లిస్ట్‌గా కాస్ట్ చేయబోతే జావా ఒప్పుకోదు. కానీ మధ్యలో టైప్ చీటీ లేని 'రా' లిస్ట్‌గా మార్చి ఇస్తే ఒప్పుకుంటుంది. ఒక వార్నింగ్ మాత్రం ఇస్తుంది. ఆ వార్నింగ్‌నీ అణచివేసే మరో వరుస పైన పెడితే తెర శుభ్రంగా కనిపిస్తుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. 2004 కంటే ముందు రాసిన కోడ్ చెడిపోకూడదని జావా రూపకర్తలు ఒక నిర్ణయం తీసుకున్నారు. కంపైల్ దశ ముగిశాక జెనెరిక్ టైప్ వివరాలను చెరిపేస్తారు. దీన్ని టైప్ ఇరేజర్ అంటారు. ప్రోగ్రామ్ నడిచే సమయానికి ఇంటిజర్ లిస్ట్ కూడా ఉత్త లిస్టే, నంబర్ లిస్ట్ కూడా ఉత్త లిస్టే. డబ్బాల మీద చీటీలు ఊడబీకినట్టు అన్నమాట. కాబట్టి ఆ కాస్ట్ నిజమో కాదో రన్‌టైమ్‌లో ఎవరూ తనిఖీ చేయరు. నంబర్ లిస్ట్ అని నమ్మిన మెథడ్ అందులో 2.5 చేర్చినా అక్కడ ఏమీ జరగదు. ఎప్పుడో, మరెవరో రాసిన మరో ఫైల్‌లో, ఆ లిస్ట్ నుంచి ఇంటిజర్ తీయబోయినప్పుడు ప్రోగ్రామ్ కూలిపోతుంది. కూలిన వరుసలో కాస్ట్ అనే మాటే కనబడదు, ఎందుకంటే అక్కడి కాస్ట్‌ను కంపైలర్ తెర వెనక చేర్చింది. తప్పు ఎక్కడ పుట్టిందో వెతకడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

కూలిపోవడం కూడా ఒక విధంగా నయమే. కూలకుండా తప్పుడు జవాబు ఇస్తే ఇంకా ప్రమాదం. జావాలో పూర్ణసంఖ్యల అర్రేను 'యాజ్ లిస్ట్' అనే జెనెరిక్ మెథడ్‌కి ఇచ్చి, ఫలితాన్ని ఇంటిజర్ లిస్ట్‌లో పెట్టబోతే ఎర్రర్ వస్తుంది. మౌలిక పూర్ణసంఖ్య టైప్ జెనెరిక్ 'టి' కాలేదు. అందుకని ఆ మెథడ్ మొత్తం అర్రేనే ఒక్క వస్తువుగా తీసుకుంటుంది. ఈ సంగతి తెలుసుకోకుండా, 2018 నుంచి జావాలో ఉన్న 'వార్' అనే మాట వాడి టైప్‌ను రాయకుండా వదిలేస్తే ఎర్రర్ మాయమవుతుంది. ఆ తర్వాత '3 ఇందులో ఉందా' అని అడిగితే, అర్రేలో 3 ఉన్నా సరే, లేదు అనే జవాబే వస్తుంది. ఏ హెచ్చరికా ఉండదు. ఆ జాబితా అర్హులైన లబ్ధిదారుల సంఖ్యలదైతే, అర్హత ఉన్నవారికే లేదని చెప్పినట్టవుతుంది.

కాస్ట్ వంటి వాగ్దానం ఎంత ఖరీదైనదో అంతరిక్ష చరిత్ర ఒకసారి చూపించింది. 1996 జూన్ 4న ఐరోపా ప్రయోగించిన తొలి అరియాన్-5 రాకెట్ సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే చోట విలువ పట్టలేదని విచారణలో తేలింది. ఆ మార్పిడికి రక్షణ పెట్టకపోవడం మరచిపోవడం వల్ల జరగలేదు. విలువ అంత పెద్దది కాదన్న నమ్మకంతోనే వదిలేశారు. అరియాన్-4 విషయంలో ఆ నమ్మకం నిజం. అదే కోడ్‌ను అంతకంటే వేగంగా దూసుకెళ్లే అరియాన్-5లో వాడినప్పుడు అది అబద్ధమైంది. ఇది జెనెరిక్స్‌కి సంబంధించిన లోపం కాదు, ఆ భాష కూడా జావా కాదు. పాఠం మాత్రం ఒకటే. 'విలువ ఇలాగే ఉంటుంది' అన్న హామీ ఆనాటి పరిస్థితులకు కట్టుబడి ఉంటుంది, కోడ్ మాత్రం ఆ పరిస్థితులు దాటి ప్రయాణిస్తుంది.

కంపైలర్ చెప్పిందే వేదమా

కాదు. కంపైలర్‌ను గుడ్డిగా నమ్మమని చెప్పడం కూడా పొరపాటే. టైప్ తనిఖీ ఎప్పుడూ ముందుజాగ్రత్త వైపే మొగ్గుతుంది. నడిస్తే సవ్యంగానే పనిచేసే కొన్ని ప్రోగ్రామ్‌లను కూడా అది ఆపేస్తుంది. 2014లో జావా 8 వచ్చే వరకు, ఖాళీ లిస్ట్ ఇచ్చే జెనెరిక్ మెథడ్‌ను నేరుగా మరో మెథడ్‌కి అందిస్తే కంపైలర్ టైప్‌ను లెక్కగట్టలేక ఎర్రర్ ఇచ్చేది. అక్కడ ప్రోగ్రామర్ తప్పేమీ లేదు. టైప్‌ను స్పష్టంగా రాసి చెప్పడమే అప్పటి పరిష్కారం. జావా 8లో కంపైలర్‌కి ఆ తెలివి వచ్చింది. మరోవైపు, జావా, స్కాలా భాషల టైప్ వ్యవస్థల్లోనే కంత ఉందని 2016లో నాదా అమీన్, రాస్ టేట్ అనే పరిశోధకులు నిరూపించారు. ఒక్క కాస్ట్ కూడా రాయకుండా కంపైలర్ కళ్లుగప్పే ప్రోగ్రామ్‌ను వారు చూపించారు.

కొన్నిచోట్ల కాస్ట్ తప్పనిసరి కూడా. జావాలో అందరూ వాడే అర్రేలిస్ట్ లోపలే అలాంటి కాస్ట్ ఉంది, దాని మీద వార్నింగ్‌ను అణచిన వరుసా ఉంది. అయితే అది ఉన్న తీరు గమనించదగ్గది. లోపలి అర్రేలోకి సరైన టైప్ విలువలే వెళ్లేలా చుట్టూ ఉన్న మెథడ్‌లు కాపలా కాస్తాయి. కాస్ట్ ఆ క్లాస్ లోపలికే పరిమితం. హామీ ఎందుకు నిజమో ఆ ఫైల్‌ను చదివితే తెలుస్తుంది. కాస్ట్ ఉండటం నేరం కాదు. కారణం చెప్పలేని కాస్ట్ ఉండటమే నేరం.

టైప్‌లు అన్ని తప్పులనూ పట్టవన్నది కూడా నిజమే. యూనివర్సిటీ కాలేజ్ లండన్, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో బయటపడి తర్వాత సరిచేసిన లోపాలను పరిశీలించారు. టైప్ తనిఖీ ఉండి ఉంటే వాటిలో 15 శాతం ముందే దొరికేవని తేల్చారు. మిగిలిన 85 శాతం దొరకవు. కానీ అవన్నీ అప్పటికే బహిరంగ కోడ్‌లోకి వచ్చేసిన లోపాలు. వాటిలో ప్రతి ఏడింటిలో దాదాపు ఒకటి ముందే ఆగి ఉండేదంటే అది చిన్న లాభం కాదు.

మారాల్సింది ఎక్కడ

మొదటి మార్పు పరీక్షా పద్ధతిలో రావాలి. ల్యాబ్ పరీక్షల్లో అవుట్‌పుట్‌కే మార్కులు ఉన్నంతకాలం విద్యార్థి అవుట్‌పుట్ కోసమే పనిచేస్తాడు. కంపైల్ కాని జెనెరిక్ కోడ్ ఇచ్చి, కంపైలర్ ఏ రెండు టైప్‌లను పొసగనివిగా చూసింది, ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయి, సవరణ పిలిచిన చోట జరగాలా, సిగ్నేచర్‌లో జరగాలా అని అడిగే ప్రశ్నలకు మార్కులు ఉండాలి. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నుంచి ఇంజనీరింగ్ కళాశాలల దాకా ఈ మూడు ప్రశ్నలు ఎక్కడైనా నేర్పవచ్చు. అందుకు కొత్త పరికరాలేమీ అక్కర్లేదు.

రెండోది భాష. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి 'ఇన్ఫరెన్స్ వేరియబుల్' వంటి మాటలు రెండింతల బరువు. ఒక బరువు భావనది, మరొకటి ఇంగ్లిషుది. జావా కంపైలర్ సందేశాలు జపనీస్, చైనీస్ భాషల్లో లభిస్తున్నాయి. ఈ సందేశాలు విడి ఫైళ్లలో ఉంటాయి. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. తరచూ ఎదురయ్యే వంద సందేశాలకు భారతీయ భాషల్లో తేటగా వివరణ రాయడం ఏ విశ్వవిద్యాలయ విభాగానికైనా సాధ్యమయ్యే పనే.

మూడోది పనిచేసే చోట. కొత్తగా చేర్చే ప్రతి కాస్ట్ పక్కన, అణచిన ప్రతి వార్నింగ్ పక్కన, అది ఎందుకు నిజమో ఒక వాక్యం రాయాలన్న నియమం పెట్టడానికి ఖర్చేమీ లేదు. ఆ వాక్యం రాయలేకపోతే హామీ ఇవ్వడానికి ఆధారం లేదని అక్కడే తేలిపోతుంది.

ఏఐ సాధనాలు కోడ్ రాసే ఈ కాలంలో ఇదంతా ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఆ సాధనాలకు వేసే ప్రశ్నను బట్టే జవాబు ఉంటుంది. 'ఈ ఎర్రర్ పోగొట్టు' అంటే పోగొట్టే దారి వెతుకుతాయి, ఆ దారి కాస్ట్ కావచ్చు. 'ఇక్కడ ఏ రెండు టైప్‌లు పొసగడం లేదు, ఎందుకు' అని అడిగితే వివరిస్తాయి. ఆ వివరణ సరైనదో కాదో తేల్చుకోవాలన్నా ఎర్రర్‌ను చదవడం వచ్చి ఉండాలి. కోడ్ యంత్రం రాసినా, ఆ హామీ కింద సంతకం మనిషిదే.